కుంట గట్టున సవతి

నేను కాపురానికి వెళ్ళేసరికే అక్కడ సవతి తిష్ట వేసుకుని ఉంది. నల్లటి ఒళ్ళు, నా నడుమెత్తు చక్రం, ఎప్పుడూ నూనె కంపు. పొద్దున లేవగానే మా ఆయన దాన్ని గుడ్డతో తుడిచి, చక్రానికి కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకున్నాకే నా మొహం చూసేవాడు. ఈలోగా చాయ్ చల్లారిపోయేది. ఒళ్ళు మండి పొయ్యి దగ్గర గిన్నెలు ఎత్తి కుదేసేదాన్ని.

అది ఆయిల్ ఇంజను. పటాన్‌చెరు దాటి లక్డారం వైపు, దొరగారి జామతోటలో ఉండేది. ఇప్పుడక్కడ ఫ్యాక్టరీ గోడలున్నాయి. పోలీసు యాక్షన్ తర్వాత దొరకు ఊళ్ళ మీద పెత్తనం పోయింది. పోయిన పెత్తనమంతా తోట మీద చూపించేవాడు. ఎడ్లతో నీళ్ళు తోడే మోట తీసేయించి కుంట గట్టున ఇంజను పెట్టించాడు. నడపడానికి మా ఆయనను కుదుర్చుకుని, పక్కనే రెండు గదులిచ్చాడు. మాకు గుంట భూమి లేదు. ఇంజను ఉన్నన్నాళ్ళే మాకు ఆ నీడ.

బట్టలుతికే బండ దగ్గర నుంచి చూస్తే కుంటలోని సంసారాలన్నీ కనపడేవి. మొదట్లో ఇంజను డుబ్బుమంటే కప్పలు నీళ్ళలోకి దూకేవి, నీటికోళ్ళు తుంగలో దూరేవి. కొన్నాళ్ళకు అన్నీ సిగ్గు వదిలేశాయి. ఇంజను నుంచి వేడినీళ్ళు సన్న గొట్టంలోంచి కుంటలో పడేవి. ఒక తాబేలు రోజూ సరిగ్గా అక్కడికే వచ్చి, మా మామలాగా వీపు కాచుకునేది. ఇంజను తోడిన నీళ్ళు కాలవలో పారగానే మట్టిలోంచి ఎర్రలు, పురుగులు బయటికొచ్చేవి. వాటి కోసం కొంగలు, నీటికోళ్ళు మా ఆయన కాళ్ళల్లోనే తిరిగేవి. డుబ్ వినపడితే అవతలి గట్టు నుంచి విందుకు పిలిచినట్టు వచ్చేవి. ఆగితే వెళ్ళిపోయేవి. నేను పిలిస్తే మా ఆయన ఏనాడూ అంత జల్దీ వచ్చి ఎరగడు.

ఆ చలికాలం దొర పట్నం నుంచి ఇద్దరు దోస్తులను వేటకు తీసుకొస్తున్నానని కబురు పంపాడు. తను వచ్చేదాకా ఇంజను ముట్టుకోవద్దన్నాడు, పిట్టలు బెదురుతాయట. దొర ఒక మాట అంటే తోటలో వాళ్ళు నాలుగు కలిపేవారు. తోటమాలి మేకల మెడలో గంటలు విప్పేశాడు. కావలివాడు నన్ను బట్టలుతకవద్దన్నాడు, దగ్గొస్తే ఇంట్లోకి పోయి దగ్గమన్నాడు. అక్కడ నీళ్ళు లేక నా వంకాయ మడి వాడిపోతుంటే అడిగే దిక్కు లేదు.

జీపు వచ్చింది. దొర, దోస్తులు కొమ్మల చాటున తుపాకులు పట్టుకుని కూర్చున్నారు. పొద్దు నెత్తికెక్కింది. తుపాకీకి అందే దూరంలో ఒక్క ఈక లేదు. పిట్టలన్నీ అవతలి గట్టున నిలబడి, వడ్డన ఇంకా మొదలు పెట్టరేమన్నట్టు మా వైపే చూస్తున్నాయి. తాబేలు కూడా రాలేదు. కుంటలో నీళ్ళు తప్ప ఇంకేమైనా ఉన్నాయా అని ఒక దోస్తు ఉర్దూలో అడిగి నవ్వాడు. దొర మొహం కందగడ్డయింది. మా ఆయన మీద పడ్డాడు.

"రోజూ గీ ఇంజన్ చప్పుడుకే పిట్టలన్నీ పరేషాన్ అయినయిరా. రేపే దీన్ని అమ్మేస్త. మల్ల మోట పెట్టిస్త. నువ్వు ఇంకో నౌకరి సూస్కో."

మా ఆయన తువ్వాలు చంకలో పెట్టుకుని తల వంచాడు. సవతి పీడ విరగడవుతుందని సంబరపడాల్సినదాన్ని, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను. ఆ వెంటనే మండుకొచ్చింది. దొర ఎదుటికెళ్ళి ఆడది మాట్లాడే రోజులు కావవి. గోడ చాటు నుంచే మా ఆయనను పిలిచాను.

"జామచెట్లు ఎండుతున్నయని చెప్పి ఒక్కసారి నడిపిస్తనని అడుగు. గా పిట్టలు నీ ఇంజన్ కోసమే సూస్తున్నయి."

ఆయన అడిగాడు. ఎలాగూ వేట పాడైంది, నడిపి తగలెయ్యమన్నాడు దొర. అంత గాభరాలోనూ మా ఆయన చక్రానికి బొట్టు పెట్టడం మానలేదు. హ్యాండిల్ తిప్పాడు. ఇంజను దగ్గి, పొగ వదిలి, డుబ్ డుబ్‌మంది.

అవతలి గట్టు మొత్తం లేచింది. కొంగలు, నీటికోళ్ళు తోసుకుంటూ వచ్చి మా ఆయన చుట్టూ దిగాయి. తాబేలు కూడా తల బయట పెట్టింది. తుపాకులు లేచాయి. దొర మా ఆయనను పక్కకు జరగమన్నాడు. జరిగాడు. పిట్టల వెనక ఇంజను కనపడింది. మా ఆయన అడ్డమున్నప్పుడు లేని కంగారు దొరకు అప్పుడొచ్చింది. లేచి దోస్తు తుపాకీ గొట్టం పట్టుకున్నాడు.

"ఠైరో భాయ్. వెనక నా ఇంజన్ ఉంది."

ఇంజను ఆపించాడు. పిట్టలు అవతలికి పోయాయి. నడిపించాడు. వచ్చి మళ్ళీ ఇంజను చుట్టే మూగాయి. మళ్ళీ ఆపించాడు, మళ్ళీ నడిపించాడు. దోస్తులు తుపాకులు పక్కన పెట్టి కడుపులు పట్టుకుని నవ్వారు. దొర కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత మీసం మీద చెయ్యేశాడు. తన ఇంజను పిలిస్తే పిట్టలొస్తాయని, పట్నంలో ఎవడి దగ్గరైనా ఇలాంటిది ఉందేమో చూపించమని మొదలుపెట్టాడు. జీపెక్కుతూ మా ఆయనను పిలిచాడు.

"రేపు దొరసానిని తోల్కొస్త. జెర మంచిగ నడిపించు."

జీపు దుమ్ము కనుమరుగయ్యాక మా ఆయన గట్టు మీద కూలబడ్డాడు. నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు.

మర్నాడు ఆయన లేచేసరికే ఇంజను తుడిచి ఉంది, చక్రానికి బొట్టు ఉంది. నా వేలికి అంటిన కుంకుమ చూసి, పొయ్యి దగ్గరికొచ్చి కూర్చున్నాడు. పెళ్ళయ్యాక ఆయన వేడి చాయ్ తాగడం నేను చూసింది ఆ పొద్దునే.