నోరు మూయని గడియారం

కోవిడ్ లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి వేసవిలో నన్ను నాచారం పారిశ్రామికవాడలోని మా కొత్త ఆఫీసుకు టెస్టింగ్ మేనేజర్‌గా వేశారు. ఉద్యోగ నియామక పరీక్షలను కంప్యూటర్ మీద రాయించే వెబ్‌సైట్ తయారుచేయడం అక్కడి పని. చూపులేని అభ్యర్థులు కూడా దాన్ని సొంతంగా వాడగలగాలన్నది ఒప్పందంలో షరతు. వాళ్లు తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో, మౌస్ లేకుండా, కీబోర్డు మీదే పని నడుపుతారు.

చూపులేనివాళ్లకు అది పనికొస్తుందో లేదో పరీక్షించే విభాగానికి లీడ్ సరిత. ఉప్పల్ అమ్మాయి, పుట్టుకతోనే చూపులేదు. స్క్రీన్ రీడర్‌ను ఎంత వేగంగా పెట్టుకునేదంటే, పక్కన కూర్చున్న నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నాకేమో ముక్కు మీద కోపం. అయినా ఆమెతో వాదించి నెగ్గిన రోజు లేదు.

లోపాలను వెతికే ఆటోమేటిక్ టూల్ మా పరీక్ష పేజీకి పూర్తి మార్కులు వేసింది. అందరం చప్పట్లు కొట్టాం.

"చప్పట్లు తర్వాత, సార్. ముందుగాల రాసేటోళ్లను రానీయున్రి" అంది సరిత.

మేడిపల్లి నుంచి భాస్కర్‌ను పిలిపించింది. అతనికీ చూపులేదు. మా వెబ్‌సైట్‌లో జరగబోయే బ్యాంకు పరీక్ష రాయాలి. వయోపరిమితి దాటిపోతోంది కాబట్టి అదే ఆఖరి అవకాశం. అంతకుముందు పరీక్షలన్నీ స్క్రైబ్‌తో, అంటే తాను జవాబు చెబితే మరొకరు రాసిపెట్టే పద్ధతిలో, రాశాడు. ఈసారి తానే రాయాలని పట్టుదల.

నమూనా పరీక్ష మొదలైన కాసేపటికే హెడ్‌ఫోన్స్ తీసేశాడు.

"అక్కా, ప్రశ్న సగం గూడ ఇనబడ్తలేదు. గడియారం ఊకె నడుమల మాట్లాడ్తున్నది."

సంగతేమిటంటే, మిగిలిన సమయం చూపులేనివాళ్లకూ తెలియాలని మా ప్రోగ్రామర్లు, తెర మూలనున్న గడియారం మారినప్పుడల్లా స్క్రీన్ రీడర్ చదివేలా రాశారు. అది సెకను సెకనుకూ మారుతుంది. మంచి మనసుతో చేసిన పనే కొంప ముంచింది. సమయం వినిపిస్తోందా లేదా అనేదే టూల్ చూసింది. ఆ గోలలో మనిషి ప్రశ్న వినగలడా అన్నది దానికి పట్టదు.

వెబ్‌సైట్ అప్పగించే గడువు దగ్గరపడింది, ఈసారికి స్క్రైబ్‌లను ఇచ్చేద్దాం అన్నారు నమూనా పరీక్ష చూడటానికి వచ్చిన క్లయింట్ తరఫు అధికారి. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే సరిత అందుకుంది.

"సార్, జర మీరు గిది పెట్టుకోని, కండ్లు మూసుకోని ఒక్క ప్రశ్న ఇనున్రి."

ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. మొదటి ప్రశ్న పూర్తికాకుండానే "అబ్బ, ఏం గోలండీ ఇది!" అంటూ తీసేశారు. గడువు పెంచమని పైవాళ్లకు తానే ఫోన్ చేశారు.

సరిత చెప్పిన మార్పు చిన్నదే. అభ్యర్థి ఒక కీ నొక్కితేనే గడియారం సమయం చెప్పాలి, చివర్లో మాత్రం ఒక్కసారి హెచ్చరించాలి. ఎంత తేలిక! మాలో ఒక్కరికీ తట్టలేదు.

భాస్కర్ మళ్లీ వచ్చి, ఎవరి సాయం లేకుండా నమూనా పరీక్ష పూర్తిగా రాశాడు. కొన్ని జవాబులు తప్పాయి. ఓదార్చబోతే పకపకా నవ్వాడు.

"ఫికర్ జేయకున్రి సార్. ఇన్నేండ్లు తప్పు నాదో, రాసినోళ్లదో ఎర్కలేకుండె. ఇయ్యి మాత్రం నావే!"

అసలు పరీక్ష కూడా అతను తానే రాశాడు.

టూల్ ఇచ్చే మార్కులతో మా పని మొదలవుతుందే గానీ ముగియదు. వాడవలసిన మనిషి మొదటి నుంచి చివరిదాకా తానే చేసి చూపించాలి. రిటైరయ్యేదాకా, సరిత సరేననకుండా ఏ పేజీనీ నేను విడుదలకు పంపలేదు.