పూల మెనూ

మంచిర్యాలల పెండ్లిళ్ల వీడియోలు తీస్త నేను. ఓసారి బొగ్గుబాయిల పనిచేసే ఒక కాక, తన బిడ్డ పెండ్లి హెచ్‌డీ డిస్కు వాపస్ తెచ్చిండు.

"ఇంట్ల పెడితే బొమ్మ వస్తలేదు తమ్మీ" అన్నడు.

నా కంప్యూటర్ల పెడితే మంచిగనే వచ్చింది. "నీ ప్లేయర్ పాతది కాకా, కొత్తది కొనుక్కో" అని గరమైన.

తెల్లారి ఆ ప్లేయర్‌నే తువ్వాలల సుట్టి తెచ్చి నా ముంగట పెట్టిండు. "మా అవ్వకు దీని బటన్లే ఎర్క" అన్నడు.

డిస్కు పెట్టంగనే ముందుగాల కనవడేటట్టు రెండు రోజులు కూసొని చేసిన పూల మెనూ, ఆ పాత ప్లేయర్ల నడువదని తీసేసి, మామూలు డీవీడీ చేసి, ఆ ప్లేయర్లనే పెట్టిన. జరసేపు గరగర తిరిగి, బొమ్మ వచ్చింది. నా పాణం నిమ్మళమైంది.

వారం దినాలకు కాక బజార్ల కనవడి, అవ్వ రోజూ అదే పెట్టుకొని సూస్తుందని చెప్పిండు. ఆ మెనూ ఏమైందని మాత్రం ఇయ్యాల్టిదాక ఎవ్వలు అడగలే.