మిగిలిన యాభై ఒక్క కిలోమీటర్లు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల కింద రోడ్డు దాటబోతుంటే వెనక నుంచి సన్నని చప్పుడొకటి వచ్చింది. దాన్ని చప్పుడనడం కూడా గౌరవమే. దోమ గొంతు సవరించుకుంటే ఎలా ఉంటుందో అలా జుయ్‌మని వచ్చి, నా మోచేతిని పలకరించి, ముందుకు వెళ్ళిపోయింది. బ్యాటరీ స్కూటరు. చుట్టూ నాలుగు వేల హారన్లు, పది వేల తిట్లు, చెరుకురసం మిషన్ల గంటలు. ఆ గోలలో అంత చిన్న చప్పుడు ఇంకెవరి చెవినా పడి ఉండదు. నా చెవిన పడింది, ఎందుకంటే ఒకప్పుడు ఆ చప్పుడును అమ్మే నేను అన్నం తిన్నాను. ఆ అన్నం పెట్టిన మనిషి పేరు నర్సింహ.

ఆయన్ని మీరు చూసి ఉండరు. నల్లగొండ జిల్లాలోని పల్లె నుంచి వచ్చి, ఎల్బీనగర్‌లో పాతికేళ్ళపాటు సైకిళ్ళు కిరాయికి ఇచ్చిన మనిషి. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. మీసం మాత్రం ఇద్దరికి సరిపడా ఉండేది. దుకాణంలోకి ముందు మీసం వచ్చేది, టీ తాగి వచ్చినంత ఆలస్యంగా వెనకాలే మనిషి వచ్చేవాడు. ఊళ్ళో అందరూ మోటారుబళ్ళు కొనేసి సైకిలు కిరాయికి అడిగేవాడు లేకపోయేసరికి, అదే దుకాణంలో బ్యాటరీ స్కూటర్లు పెట్టాడు. పెట్రోలు ధర వారానికోసారి పెరుగుతున్న కాలం కదా, జనం ఎగబడి కొంటారని అందరూ చెప్పారట. జనం ఎగబడి వచ్చి చూశారు. చూసి వెళ్ళిపోయారు.

నేను చేరింది ఆ రోజుల్లోనే. తెలంగాణ ఉద్యమం ఊరంతా కమ్ముకుని ఉంది. గుడివాడ దగ్గరి ఊరు నుంచి డిగ్రీ పట్టుకుని వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది తీసుకుని, అక్కడున్న కోచింగ్ సెంటర్లన్నింటిలోనూ చేరి, అన్నింటి వెనక బెంచీలనూ నున్నగా అరగదీసి, ఆఖరికి ఉద్యోగం వెతుక్కుంటూ ఆయన ముందు నిలబడ్డాను. ఏం వచ్చు నీకు అని అడిగాడు. మాట్లాడటం వచ్చండీ అన్నాను.

"గది అందరికొస్తది తమ్మీ. మాట ఆపుడు ఒస్తదా?"

నేర్చుకుంటానన్నాను. నవ్వి చేర్చుకున్నాడు. నర్సింహగారూ అని పిలిస్తే, ఆ గారును ఇంటి దగ్గర పెట్టి రమ్మన్నాడు. అప్పటి నుంచి ఆయన నాకు నర్సింహన్న.

ఆ దుకాణంలో అమ్మకాల పద్ధతి లోకంలో ఇంకెక్కడా ఉండదు. వచ్చినవాడెవడైనా మొదట అడిగేది ఒకటే ప్రశ్న, మైలేజ్ ఎంత ఇస్తుందని. దానికి అన్న జవాబు చెప్పేవాడు కాదు. ఎదురు అడిగేవాడు: రోజూ ఎక్కడెక్కడికి పోతవ్, ఎంత దూరం పోతవ్? ఎవరికీ తెలిసేది కాదు. పెట్రోలు ఎంతకు కొట్టిస్తారో ఠకీమని చెప్పేవాళ్ళు, ఎంత దూరం వెళ్తారో మాత్రం తలగోక్కునేవాళ్ళు. ఒకసారి వనస్థలిపురం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి కారులో వచ్చాడు. ఓడంత కారు. పాలకీ కూరగాయలకీ దాన్ని బయటకు తీస్తుంటే పెట్రోలు తాగేస్తోందని, చిన్న స్కూటరు కావాలన్నాడు. అన్న ఆయన్ని కూర్చోబెట్టి, పాలు ఎక్కడ, కూరలు ఎక్కడ, గుడి ఎక్కడ అని ఒక్కొక్కటే అడిగాడు. ఏదీ కిలోమీటరు దాటలేదు. "నీకు స్కూటర్ ఒద్దు సార్, మంచి చెప్పులు కొనుక్కో" అని చెప్పి, ఎదురుగా ఉన్న చెప్పుల దుకాణానికి స్వయంగా తీసుకెళ్ళి దిగబెట్టి వచ్చాడు. ఆ నెలలో మా దుకాణం దగ్గరికి అమ్మకం అంత దగ్గరగా వచ్చి వెళ్ళిపోవడం అది ఆరోసారి.

కంపెనీ పుస్తకంలో మాత్రం ఒక్క ఛార్జింగుకు డెబ్బై కిలోమీటర్లని అచ్చేసి ఉండేది. ఆ పుస్తకాన్ని అన్న కుంటి కుర్చీ కాలి కింద పెట్టాడు. ఆ డెబ్బై కంపెనీ గోదాములో ఉన్న డెబ్బై అనీ, మన రోడ్డు మీద ఒక్కడెక్కితే ముప్పై వస్తే గొప్పనీ, ఇద్దరెక్కితే తానేమీ చెప్పలేననీ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. వినడానికి నాకు గుండె తరుక్కుపోయేది. ఇక నా సంగతి చూస్తే, బ్యాటరీ బళ్ళు అమ్ముతూ నేను తిరిగేది పెట్రోలు మోటారుసైకిలు మీద. దుకాణం నుంచి టీ బండి నలభై అడుగులు. బండి మీదే వెళ్ళేవాణ్ణి. పెట్రోలు ధర పెరిగిందన్న వార్త చదవడానికి పేపరు కొనాలన్నా బండి తీసేవాణ్ణి.

అంతలో తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లోంచి కదలడం మానేశాయి. బంకుల ముందు వరసలు ఎంత పెరిగాయంటే, నున్నగా గడ్డం గీసుకుని వరసలో చేరినవాడు పంపు దగ్గరికి చేరేసరికి సాధువైపోయేవాడు. షేరు ఆటోల్లో పద్నాలుగు మంది లోపల కూర్చుంటే డ్రైవరు బయట వేలాడుతూ నడిపేవాడు. అన్న రోజూ పొద్దున కాసేపు చౌరస్తాలో వేసిన దీక్షా శిబిరంలో కూర్చుని వచ్చేవాడు. ఒకరోజు ఆయన అక్కడ ఉండగా దుకాణంలోకి సువర్ణ వచ్చింది.

హయత్‌నగర్‌లో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి. ఆమె తండ్రి మల్లయ్య లారీ డ్రైవరుగా చేసి మానుకున్నాడు. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ఆస్పత్రిలో డయాలసిస్ చేయించుకోవాలి. ఇన్నాళ్ళూ సిటీబస్సే వాళ్ళ కారు. ఇప్పుడు బస్సు లేదు, ఆటోవాళ్ళు నీరసంగా ఉన్న ముసలాయన్ని చూసి ఆగడం లేదు. ఒక్కసారి కూడా తప్పొద్దని డాక్టరు చెప్పాడట. తన దూరం తనకు తెలిసి మా దుకాణంలోకి వచ్చిన మొట్టమొదటి మనిషి ఆమె.

"అన్నా, ఇద్దరం పోతం. పోను పన్నెండు, రాను పన్నెండు. మధ్యల ఆగదు కద?"

ముప్పై అని నోటిదాకా వచ్చింది. కానీ చేరి నాలుగు నెలలైంది, ఒక్క బండి నా చేతి మీదుగా పోలేదు. "డెబ్బై వస్తుంది మేడమ్. వెళ్ళొచ్చి, మళ్ళీ వెళ్ళొచ్చినా ఇంకా మిగిలే ఉంటుంది" అన్నాను. ఆమె మొహంలో కనిపించిన నిశ్చింత చూసి, ఏదో పుణ్యం చేసినంత గర్వపడ్డాను. అన్న తిరిగొచ్చి, ఎవరికి ఇచ్చావు, ఎంత దూరం చెప్పావు అని అడిగాడు. హయత్‌నగర్ ఆవిడన్నా, అక్కడక్కడే తిరుగుతుందిట అన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. అన్న విని, ఎక్కడున్నరమ్మా, బాపును నీడల కూసోబెట్టు అని మాత్రం అన్నాడు. ఆటోను పిలిచి, నన్ను కూడా ఎక్కమన్నాడు.

వనస్థలిపురం రాకముందే, మూసి ఉన్న దుకాణం చూరు కింద మల్లయ్య కూర్చుని ఉన్నాడు. చేతికి ఇంకా దూది, పట్టీ ఉన్నాయి. నాలుగు గంటలు మిషను మీద పడుకుని వచ్చిన మనిషి మొహం తెల్లకాగితంలా ఉంది. సువర్ణ చీరకొంగుతో ఆయనకు విసురుతోంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"డెబ్బై అన్నవ్ కదన్నా" అంది, అంతే.

ముసలాయనే నా మీద జాలిపడి మాట కలిపాడు. "ముప్పై ఏండ్లు లారీ తోలిన బిడ్డా. డీజిల్ అయిపోతే లారీ గొణుగుతది, దగ్గుతది, చెప్పి సస్తది. గిది చెప్పకుండ సచ్చింది."

అన్న వాళ్ళిద్దరినీ మేమొచ్చిన ఆటో ఎక్కించి, వెనకాలే వస్తామని చెప్పి పంపాడు. ఆటో వెళ్తుంటే దాని పొగ వైపు చూపించి, "పెట్రోలుకు దండం పెట్టు తమ్మీ, ఇయ్యాల గదే ఆదుకున్నది" అన్నాడు. పెట్టాను. అప్పుడు అడిగాడు, బండి ఎంత నడిచిందని. పోను పన్నెండు, రాను ఏడు, మొత్తం పంతొమ్మిది. నువ్వెంత చెప్పావన్నాడు. డెబ్బై అన్నాను. మిగిలినవి ఎన్నన్నాడు. అన్ని కోచింగ్ సెంటర్లలోనూ లెక్కలు నేర్చుకున్నవాణ్ణి, ఆ తీసివేత చేయడానికి నాకు చాలాసేపు పట్టింది. యాభై ఒకటి అన్నాను.

"అవి బండియి గావు, నీయి. నువ్వు జెప్పినవ్ గనుక నువ్వు నడువు." రెండడుగులు వేసి ఆగాడు. "సగం నాయి. బోర్డు మీద నా పేరున్నది."

అక్కడి నుంచి హయత్‌నగర్ అయిదు కిలోమీటర్లు. ఆయన హ్యాండిల్ పట్టుకున్నాడు, నేను వెనక నుంచి తోశాను. దాంట్లో నాలుగు బ్యాటరీలని పుస్తకంలో ఉంది గానీ, నలభై ఏనుగుల్ని మడిచి పెట్టారని నాకు రూఢిగా తెలిసింది. ఆ రోడ్డు మీద బండి వేసుకుని వందసార్లు తిరిగాను. అక్కడ ఎత్తు ఉందని అంతవరకూ నాకు తెలియదు. నడిచేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియని ఎత్తులు ఆ హైవే నిండా ఉన్నాయి. సమ్మె రోజులు కదా, మాలాగే నడిచేవాళ్ళు వందల మంది. చెప్పులు చేత్తో పట్టుకున్న ఆడవాళ్ళు, సైకిలు మీద ఇద్దరు ఆఫీసరు బాబులు. ఎవరూ మమ్మల్ని వింతగా చూడలేదు.

సువర్ణ ఇంటికి వెళ్ళాక అన్న మల్లయ్య ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా పిలగాడు తప్పు చెప్పాడు, బండి వెనక్కి తీసుకుంటానన్నాడు. సువర్ణ తల అడ్డంగా ఊపింది. తీసుకుంటే ఎల్లుండి నాయనను ఎట్ల తీస్కపోవాలె అంది. అప్పుడు ఆయన తన పాత పద్ధతిలోనే ఒక ప్రశ్న అడిగాడు.

"దవాఖానల ఎంతసేపు పడుతది?"

"నాలుగు గంటలు."

"గా నాలుగు గంటలు బండేం జేస్తది?"

"నిలబడుతది" అంది సువర్ణ. అని, ఆగిపోయింది. నాకూ అప్పుడే వెలిగింది. నేను డెబ్బై డెబ్బై అని అరిచాను గానీ, అక్కడ బండి ఉత్తపుణ్యానికి నాలుగు గంటలు నిలబడుతుందన్న సంగతి అడగనే లేదు.

మర్నాడు ఇద్దరం ఆ ఆస్పత్రికి వెళ్ళాం. బండిని ఛార్జింగు పెట్టేందుకు వాచ్‌మన్ గదిలో ఒక ప్లగ్గు ఉంది. అది తన ఫ్యానుదన్నాడు వాచ్‌మన్. అన్న ఆయనతో గంటసేపు ఊరు, వాన, పిల్లల చదువుల గురించి మాట్లాడి, చివరికి మల్లయ్య గురించి చెప్పాడు. వాచ్‌మన్ లేచి ఫ్యాను తీగ ఊడబెరికాడు. బొగ్గు కార్మికులు కూడా సమ్మెలో ఉన్నారు, కరెంటు కోతలు దారుణంగా ఉండేవి. కోత వేళలు ఎప్పటికప్పుడు కనుక్కుని సువర్ణకు ఫోను చేసి చెప్పే పని నాకు అప్పగించాడు. దానికి తగ్గట్టు ఆస్పత్రివాళ్ళను అడిగి ఆమె వేళ మార్చుకునేది. ఒక్కసారి కూడా తప్పలేదు. కొన్నాళ్ళకు మల్లయ్య దుకాణానికి వచ్చి కూర్చుని చెప్పాడు: "నేను లోపట పైపు పెట్టుకుంట, అది బయట పైపు పెట్టుకుంటది. ఇద్దరం ఒక్కసారే లేస్తం."

ఇక నా బాకీ. నా వాటా ఇరవై అయిదున్నరలో అయిదు బండి తోస్తూ తీరాయి. మిగిలినవాటికి మోటారుసైకిలు గదిలో పెట్టి, పొద్దున్నే దుకాణానికి నడిచాను. నాలుగు కిలోమీటర్లు. సాయంత్రం షేరు ఆటోకు వేలాడుతూ గదికి చేరేవాణ్ణి. పొద్దున సగం దారిలో పండ్ల మార్కెట్ దగ్గర అన్న నిలబడి ఉండేవాడు, ఇటు నుంచి తన వాటా నడుచుకుంటూ వచ్చి. అక్కడి నుంచి కలిసి నడిచేవాళ్ళం. ఒకరోజు నినాదాలు చేస్తూ ఊరేగింపు ఎదురైంది. నా యాస ఎవరి చెవిన పడుతుందోనని నోరు కుట్టేసుకున్నాను. అన్న గమనించాడు.

"మాట్లాడు తమ్మీ. నిన్ను నోరు ఆపుమన్నది దూరం జెప్పే దగ్గర, యాస దగ్గర గాదు. రాష్ట్రం ఒచ్చినంక గూడ నువ్వు గీ రోడ్డు మీదనే నడువాలె."

ఊరేగింపులో ఆయనకు తెలిసినవాళ్ళు చెయ్యి ఊపారు. నన్ను పక్కన పెట్టుకునే వాళ్ళతో కలిసి ఒక నినాదం ఇచ్చాడు. తర్వాత మా ఊళ్ళో పెసరట్టులో అల్లం ఎంత వేస్తారో చెప్పమన్నాడు.

అయిదు రోజులకు ఇరవై తీరాయి. ఆరో రోజు అర కిలోమీటరుతో లెక్క సరి. అక్కడ నిలబడి చూస్తే మోటారుసైకిలు వెనక అర కిలోమీటరు దూరంలో ఉంది, దుకాణం ఇంకా మూడున్నర ముందు ఉంది. ముందుకే నడిచాను. ఆ తర్వాత నడకలు ఎవరూ లెక్కపెట్టలేదు.

సమ్మె ముగిసి బస్సులు వచ్చాక, ఇక బస్సులోనే తీసుకెళ్ళమ్మా, బాపుకు కుదుపు తక్కువ అని సువర్ణకు చెప్పింది కూడా అన్ననే. అలాంటి మనిషి దుకాణం ఎన్నేళ్ళు నడుస్తుంది? నాలుగేళ్ళు నడిచింది. అదే నాకు ఆశ్చర్యం. ఆయన పోయి కూడా చాలాకాలమైంది.

నేనిప్పుడు హైవే పక్కన ప్లాట్లు అమ్మేవాళ్ళ దగ్గర ప్రకటనలు రాస్తున్నాను. ప్రహరీ గోడను కోట అని రాస్తాను. రెండు వేపమొక్కల్ని వనం అంటాను. వాన పడితే నిలిచే నీళ్ళను సరోవరం అన్నందుకు బహుమతి కూడా ఇచ్చారు. బస్‌స్టాపు ఎంత దూరమో రాయవలసి వచ్చినప్పుడు మాత్రం ఎండలో వెళ్ళి, నడిచి, కొలిచి రాస్తాను. పోయిన నెల మా యజమాని కాగితం చూసి కళ్ళజోడు తీశాడు. "రెండు వేల మూడు వందల మీటర్లేంటయ్యా? అందరూ కూతవేటు దూరం అని రాసుకుంటుంటే! ఒక సున్నా తీసేస్తే నీ సొమ్మేం పోతుంది?" అన్నాడు.

"సున్నా తీసేయొచ్చండీ" అన్నాను. "మిగతాది ఎవరో ఒకరు నడవాల్సి వస్తుంది."