నిండితేనే కదిలే ఊరు

మార్తకు పొద్దున చాయ్ ఇంట్లో కూర్చుని తాగే అలవాటు లేదు. గ్లాసు పట్టుకుని వాకిలి దాటి, రోడ్డు అంచున నిలబడి తాగుతుంది. ఆమె పుట్టిల్లు ధారూర్ స్టేషన్ పక్కన. ఒక రైలు కూతకు వాకిలి ఊడ్చి, ఇంకో కూతకు నీళ్లు తోడి పెరిగిన మనిషి. రైలు ఎవరి కోసమూ ఆగదన్న సంగతి ఆమెకు చిన్ననాడే ఒంటబట్టింది.

పెళ్లయి వచ్చిన బండమీదిపల్లె అందుకు పూర్తిగా తలకిందులు. పెద్దేముల్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే, కంది చేల మధ్య నాపరాతి మీద కూర్చున్న ఊరది. అరుగులూ గోడలూ బండలే, కొన్ని ఇళ్లకు పైకప్పులూ బండలే. ఆ ఊరి చరిత్ర కావాలంటే బాలప్ప తాతను అడగాలి.

"నేను గుల్బర్గా జిల్లాల పుట్టిన. హైదరాబాద్ జిల్లాల పెండ్లి జేసుకున్న. రంగారెడ్డి జిల్లాల బిడ్డల పెండ్లిళ్లు జేసిన. గిప్పుడు వికారాబాద్ జిల్లాల పింఛన్ దీసుకుంటున్న. గీ అరుగు మీదికెళ్లి లేవకుండనే నాలుగు జిల్లాలు తిరిగిన!" అంటాడు.

జిల్లాలు తిరిగినంత సులువుగా ఊరి జనం తాండూరు పోలేకపోయేవాళ్లు. ఉన్నవి రెండు షేరింగ్ ఆటోలు. అందులో ఒకటి మార్త భర్త ఇమ్మానుయేలుది. ఆటో నిండితేనే కదులుతుంది. ముందెక్కినవాళ్లకు మూలన ఇరుక్కుని కూర్చోవడమే మిగులుతుంది కాబట్టి ముందెక్కడానికి ఎవరూ ఇష్టపడరు. అరుగుల మీద కూర్చుని ఓరకంట చూస్తుంటారు. ఇమ్మానుయేలు ఖాళీ ఆటో ముందు నిలబడి "తాండూర్, తాండూర్! ఒక్కరే, ఒక్కరే!" అని, ఇంకొక్క సీటే మిగిలినట్టు కేకేస్తే, అబద్ధమని తెలిసీ ఒక్కొక్కరే లేస్తారు.

మార్తకు తాండూరులో కందిపప్పు మిల్లులో పని దొరికినప్పటి నుంచి ఈ ఏర్పాటుతో చిక్కొచ్చింది. ఎండలో కలుపు తీసిన చేతులకు నీడపట్టున పప్పు ఏరే పని హాయిగా ఉంది. నెల తిరిగేసరికి జీతం, పక్కన కబుర్లకు పదిమంది ఆడవాళ్లు. కానీ మిల్లు గేటు ఎనిమిదిన్నరకు మూస్తారు. సొంత మొగుడి ఆటోలో పోతూ వారానికి రెండుసార్లు ఆమె గేటు బయటే నిలబడేది.

ఒకరోజు గుమాస్తా పరశురాం తేల్చి చెప్పాడు. "మార్తమ్మా, ఇంకొక్కసారి ఆలస్యమైతే ఇంకొకల్లను చూసుకుంటం. నన్ను అనొద్దు."

ఆ సాయంత్రం ఇమ్మానుయేలు, "ఫికర్ జెయ్యకు, రేపు జల్ది తీస్త," అన్నాడు.

"నిండకుంటే తీస్తవా?"

అతను పళ్లెంలో రొట్టెను ఇటు తిప్పి అటు తిప్పాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, పెద్ద రైతు జనార్దన్ పట్టుబట్టి అడగ్గా, బస్సు డిపో నుంచి ఒక సార్ ఊరికి వచ్చాడు. బస్సు వేయాలంటే జనం ఎంతమంది ఉన్నారో చెప్పమన్నాడు.

"ఓట్ల దినమా, మామూలు దినమా సార్?" అని అడిగాడు బాలప్ప.

సార్‌కు అర్థం కాలేదు. జనార్దన్ తల్లి రామమ్మ విడమర్చి చెప్పింది. "ఓట్లకైతే ఊరు నిండ ఉంటరు నాయినా. మామూలుగ సగం మంది బండలు పాలిషింగ్ జేసే కాడ, కొందరు పట్నంల, కొందరు పుణెల. గిప్పుడు పగటిపూట లెక్కవెడితె కోళ్లే ఎక్కువ."

సార్ నవ్వేసి, వారం రోజులు బస్సు తిప్పి చూస్తామన్నాడు. జనం ఎక్కితే ఉంటుంది, లేకుంటే లేదు. ఉదయం ఏడున్నరకు తాండూరుకు. మార్త ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయింది. ఇమ్మానుయేలు మాత్రం రెండు రోజులు ముభావంగా తిరిగాడు.

"సర్కారు బస్సుల ఆడోళ్లకు టికెటే లేదాయె. ఇగ నా ఆటో ఎవరెక్కుతరే? పెండ్లాం బస్సుల, మొగడు బజార్ల!"

"బస్సు పోని తొవ్వలు లేవా ఏంది? పాలిషింగ్ కాడికి బస్సు పోతదా?"

"మీ ధారూరోళ్లకు నోరు లావు," అన్నాడు ఇమ్మానుయేలు.

సోమవారం బస్సు వచ్చింది. మార్త ఒక్కతే ఎక్కింది. ఊరు ఊరంతా అరుగుల మీద కూర్చుని చూస్తోంది.

"రాండ్రి!" అని కిటికీలోంచి పిలిచింది మార్త.

"నిండనీ, వస్తం!" అంది రామమ్మ కదలకుండా.

ఏడున్నర కాగానే కండక్టర్ పద్మారాణి గంట కొట్టింది. బస్సు వెళ్లిపోయింది. వెనకాల ఊరు గొల్లుమంది. "గిదేం బస్సు! మనుషులు కండ్ల ముందట కూసున్నా ఆగలె!"

మంగళవారమూ అంతే. పద్మారాణి జాలిగా చెప్పింది. "అక్కా, నువ్వొక్కదానివే అయితే బస్సు బందైతది. ఎంతమంది ఎక్కిన్రో దినాం రాసియ్యాలె నేను."

బుధవారం మార్త బస్సు లోపల కూర్చోలేదు. మెట్టు మీద నిలబడి, కొంగు బిగించి, సిగ్గు పక్కన పెట్టి అరిచింది. "తాండూర్! తాండూర్! ఒక్కరే!"

పద్మారాణి బిత్తరపోయింది. "బస్సంత ఖాళీగ ఉంటే ఒక్కరంటవేందక్కా?"

"మేడం, మా ఊర్ల గిట్లంటెనే కదుల్తరు."

నలుగురు లేచి వచ్చారు, అంతే. మార్త గొంతు ఇంట్లో పిల్లల్ని అదిలించేదే తప్ప బజారు గొంతు కాదు. ఎదురుగా ఆటోలో కూర్చున్న ఇమ్మానుయేలు పకపకా నవ్వాడు.

గురువారం నాటికి ఆ గొంతు కూడా పోయింది. మెట్టు మీద నిలబడి నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. ఏడున్నర దగ్గర పడుతోంది. పద్మారాణి చెయ్యి గంట తాడు మీద ఉంది. మార్త అరుగుల వైపు చూసింది, తర్వాత మొగుడి వైపు చూసింది. అడగడానికి గొంతే లేదు.

ఇమ్మానుయేలు కాసేపు ఓర్చుకున్నాడు. ఇక ఓర్చుకోలేక ఆటో దిగి వచ్చాడు.

"గట్ల గాదే! పేర్లు వెట్టి పిలువాలె. పక్కకు జరుగు!" అని మెట్టెక్కాడు. ఊరు అదిరేలా కేకేశాడు. "తాండూర్ తాండూర్ తాండూర్! ఓ రామమ్మవ్వా, నీ కోసమే కిటికీ సీటు వెట్టిన! రెబెక్కా, సంత లేటైతది! బాలప్ప తాతా, లే, అయిదో జిల్లా సూపిస్త! ఒక్కరే ఒక్కరే ఒక్కరే!"

అరుగులన్నీ ఒక్కసారి లేచాయి. పనున్నవాళ్లతో పాటు పనిలేనివాళ్లూ ఎక్కారు. తాండూరులో నీకేం పనని అడిగితే రామమ్మ, "ఉత్తగనే పోయొస్త, నీ సొమ్మేం పోతది?" అంది. బస్సు నిండాక పద్మారాణి గంట కొట్టింది. ఇమ్మానుయేలు దిగి చూసుకుంటే అతని ఆటోలో పిట్ట కూడా లేదు.

"మస్తుగ పిలిచినవన్నా, రేపు గూడ రావాలె!" అని పద్మారాణి కిటికీలోంచి అరిచింది.

"నా పొట్ట నేనే కొట్టుకుంటినా!" అని అతను నెత్తి గోక్కున్నాడు. కానీ శుక్రవారమూ వచ్చాడు, శనివారమూ వచ్చాడు. ఆదివారం నాటికి పిలవకముందే జనం రోడ్డు మీద ఉన్నారు. డిపో వాళ్లు బస్సును ఉంచేశారు.

ఇమ్మానుయేలు వారం పాటు కోపంగా తిరిగి, తర్వాత ఆటోను పెద్దేముల్ ఆటో అడ్డాకు మార్చుకున్నాడు. బస్సు పోని పాలిషింగ్ యూనిట్లకు అక్కడి నుంచి కూలీలను దింపుతున్నాడు.

మార్తకు ఇప్పుడు నలభై రెండేళ్లు. తాండూరు మిల్లులో పప్పు ఏరుతుంది, గేటు బయట నిలబడే రోజు మళ్లీ రాలేదు. ఆదివారం సెలవు.