ప్లస్ వైరుకు వల దారం

రెండు వేల ఇరవై రెండు, మే నెల. ఒంగోలులో కొత్తపట్నం వెళ్ళే రోడ్డు మీద నా బ్యాటరీ సర్వీసు షాపు. వేట నిషేధం ఉన్న వేసవిలో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి వాటి బ్యాటరీలు, చార్జర్లు నా దగ్గరికి వస్తాయి. మిగతా ఏడాదంతా ట్రాక్టర్లు, ఇన్వర్టర్లు, మిరప చేలకు మందు కొట్టే స్ప్రేయర్లు. మా నాన్న దూదేకి పరుపులు కుట్టేవాడు. నేను దూది వదిలి యాసిడ్ పట్టుకున్నాను. యాసిడ్ పడి నా చొక్కాలన్నీ చిల్లులు పడేవి. అందుకే ఆయనకు ఈ పని చివరిదాకా నచ్చలేదు.

నా నోరు మంచిది కాదని ఈ రోడ్డులో అందరికీ తెలుసు. చార్జింగ్ విషయంలో మరీను. చార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. కంటికి కనపడదు, వాసన ఉండదు. మూసిన గదిలో అది చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు, బ్యాటరీ పగిలి యాసిడ్ మొహాన పడుతుంది. అందుకే వచ్చిన ప్రతివాడికీ అదే పాఠం. తలుపు తెరిచి పెట్టు. బీడీ అవతల పారెయ్. చార్జర్ స్విచ్ ఆపి ఉండగానే ముందు ప్లస్ క్లిప్పు, తర్వాత మైనస్ క్లిప్పు తగిలించు, ఆ తర్వాతే స్విచ్ వెయ్. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపు, మిగతాది తర్వాత.

ఆ మేలో ఒక బోటు ఓనరు మెరైన్ చార్జర్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఉప్పుగాలికీ తడికీ తట్టుకునేలా గట్టిగా మూసి చేసే చార్జర్ అది. కొత్తదే, కానీ ఫ్యూజు మాడటం మూడోసారి. విప్పకముందే చెప్పాను, ప్లస్సూ మైనస్సూ తిరగేసి పెడుతున్నారని. దీన్ని మేం రివర్స్ పోలారిటీ అంటాం. ఓనరు వెనక నిలబడ్డ మనిషి తల దించుకున్నాడు. అతను కోటయ్య, ఆ బోటు ఇంజను డ్రైవరు. చీమకుర్తి అవతల మెట్ట ఊళ్ళో ఆయిలింజన్లు బాగుచేస్తూ పని నేర్చుకుని తీరానికి వచ్చినవాడు. ఇంజను చప్పుడు విని దాని జబ్బు చెప్పేస్తాడని పేరు.

"మొన్న ఇంజను గదిలో నిప్పులు లేచినయ్యి మస్తాన్ గారూ. తాగి చేస్తన్నాడు. ఈసారి వేటకి వేరేవాణ్ణి పెట్టుకుంటా" అన్నాడు ఓనరు. కోటయ్య కాదనలేదు.

సాయంత్రం దాకా అతన్ని నా దగ్గర వదిలి వెళ్ళమన్నాను, పని నేర్పి పంపుతానని. అసలు ఉద్దేశం దులిపేద్దామనే. దగ్గరికి పిలిస్తే మందు వాసన లేదు, డీజిల్ వాసన తప్ప. మేకుకు తగిలించిన వైర్లలో ఎర్రది తెమ్మన్నాను. నల్లది తెచ్చాడు. తిట్టి మళ్ళీ పంపాను. ఈసారి రెండింటినీ వేళ్ళతో తడిమి చూసి, మళ్ళీ నల్లదే తెచ్చి, లెక్క చేసిన పిల్లవాడు పంతులి వంక చూసినట్టు నా మొహంలోకి చూశాడు. తిట్టు నా నోట్లోనే ఆగిపోయింది.

"ఇవి రెండూ నీకు ఒకేలా కనపడతన్నాయా కోటయ్యా?"

బయట గ్రానైట్ లారీ ఒకటి వెళ్ళిపోయేదాకా ఆగాడు. "రెండూ నల్లగానే ఉంటాయండి" అన్నాడు.

పుట్టుకతోనే అంతట, ఎరుపు విడిగా తెలియదట. పాత చార్జర్ క్లిప్పు మీద ప్లస్ గుర్తు ఉబ్బెత్తుగా ఉండేది, వేలితో పోల్చుకునేవాడు. బ్యాటరీ మీద కూడా ప్లస్ టెర్మినల్ కాస్త లావుగా ఉంటుంది, అదీ వేలికి తెలుస్తుంది. కొత్త చార్జర్ క్లిప్పులు మాత్రం రెండూ నున్నగా ఉన్నాయి, రంగు ఒక్కటే తేడా, ప్లస్‌ది ఎరుపు, మైనస్‌ది నలుపు. చిన్నప్పుడు మిరప కోతలకు వెళితే పండుకాయలతో పాటు పచ్చికాయలూ కోసేసేవాడు. పొగరని తండ్రి కొట్టేవాడు. ఊరంతా మిరపే వేసే చోట, పండుకూ పచ్చికీ తేడా తెలియదని ఎవరితో చెప్పుకుంటాడు? పక్క సాలులో కోసే ఒక అమ్మాయి మాత్రం కనిపెట్టింది. మేస్త్రీ వచ్చేలోపు అతని బుట్టలో పచ్చివన్నీ ఏరి తన బుట్టలో వేసుకునేది. అతనికి పడాల్సిన తిట్లు ఆమె తినేది. ఆ అమ్మాయే నాగమణి, ఇప్పుడు అతని భార్య. ఇన్నేళ్ళలో ఈ సంగతి తెలిసింది ఆమెకొక్కదానికే.

"మరి తాగుబోతంటుంటే ఊరుకున్నావేం?"

"తాగుడైతే మానేస్తాడులే అని ఉంచుకుంటారండి. ఇది మానేది కాదుగా."

కాసేపు స్పానర్లు సర్దుతున్నట్టు నటించాను. తర్వాత అడగక తప్పని మాట అడిగాను, చుక్కాని ఎవరు పట్టుకుంటారని. రాత్రి సముద్రం మీద ఎదుటి బోటు ఎటు పోతోందో దాని ఎర్ర దీపం, పచ్చ దీపం చూసే చెప్పాలి. అది బోటు నడిపే సరంగు పనని, తానెప్పుడూ ముట్టుకోలేదని అన్నాడు. అయినా ఇది ఓనరుకు తెలియాలి, చెప్పాల్సింది నువ్వే, నేను పక్కన నిలబడతానన్నాను.

ప్లస్ వైరుకు గుర్తు కట్టాలి. పరుపులు కుట్టే ఇంట్లో పెరిగిన అలవాటు కొద్దీ నా చెయ్యి నూలు దారం మీదికి పోయింది. కానీ నూలును యాసిడ్ తినేస్తుంది. కోటయ్యే జేబులోంచి ప్లాస్టిక్ వల దారం తీసి, క్లిప్పు కింద బిగించి చుట్టి, ముడి వేశాడు. తర్వాత కళ్ళు మూసుకుని తడుముతూ క్లిప్పులు సరిగ్గా తగిలించి చూపించాడు. అంతకుముందే స్విచ్ ఆపి ఉందో లేదో చూసుకున్నాడు కూడా.

సాయంత్రం ఓనరుకు తనే చెప్పాడు. ఆయన కోటయ్య వంక చూసి, ఆ ముడిని వేలితో తడిమి, "సుక్కాని మాత్రం ముట్టుకోబాకు. ఇంజను నీదే" అన్నాడు.

మళ్ళీ మళ్ళీ అదే తప్పు చేసేవాణ్ణి తిట్టేముందు, అది అతనికి ఎలా కనపడుతోందో అడగాలని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు నా షాపు దాటే ప్రతి చార్జర్ ప్లస్ వైరుకూ వల దారం చుట్టి ఇస్తాను. ఎందుకని అడిగితే, చీకట్లో పనికొస్తుందని చెబుతాను.

మిరప కోతలప్పుడు కోటయ్య ఊరెళ్ళి వస్తూ, పచ్చడికని సంచి నిండా పండుమిరపకాయలు తెచ్చాడు.

"నేనే కోశానండి, నొక్కి చూసి. పండుకాయ మెత్తగా ఉంటది. నాగమణి చెయ్యి కూడా పెట్టలా" అన్నాడు. అతని మొహం వెలిగిపోతోంది.

సంచి విప్పి చూశాను. పైనే నాలుగైదు పచ్చికాయలు. లోపలి నుంచి మా ఆవిడ టీ తెస్తోంది, ఆమె నోరు నాకంటే పెద్దది. ఆమె వచ్చేలోపే వాటిని ఏరి, చిల్లులు లేని జేబు చూసుకుని అందులో వేసుకున్నాను.