పిల్లనడగడానికి రెండు టికెట్లు

మా ఇంటికి వచ్చే పెళ్లి శుభలేఖల కవర్లను నా భార్య పారేయదు. కార్డు చదివి పక్కన పెడుతుంది, పసుపంటిన కవరు మాత్రం దాచుకుంటుంది. దాని మీద తన భాషలో ఏదో రాసి, లోపల డబ్బులు పెట్టి, కేకులకు వాడే అట్టపెట్టెలో వరసగా నిలబెడుతుంది. కరెంటు బిల్లుకొకటి, గ్యాసుకొకటి, మా అమ్మ మోకాళ్ల మందులకొకటి. ఒక కవరు ఖాళీ అయితే ఇంకో కవరులో చెయ్యి పెట్టడానికి వీల్లేదు. పెళ్లయిన కొత్తలో ఆ పెట్టెను చూసి నవ్వేవాణ్ని. "ఇంత మంది పెండ్లిళ్లు చేస్తున్నవు, నాకు బువ్వెప్పుడు?" అని ఎగతాళి చేసేవాణ్ని. ఇప్పుడు నవ్వను. గల్ఫులో తొమ్మిదేళ్లు పనిచేసి నేను వెనకేసుకున్నది ఒక మంచి సూట్‌కేసు. ఆమె మాత్రం చౌటుప్పల్‌లో ఇంటి దగ్గర పుట్టినరోజు కేకులు చేసి అమ్ముతూ, ఫ్యాక్టరీలో నాకొచ్చే జీతాన్ని అందులో కలిపి, మా రేకుల ఇంటికి స్లాబు వేయించింది.

ఆమెది ఫిలిప్పీన్స్. అక్కడొక దీవిలో, వరిపొలాల మధ్య ఉన్న ఊరు. మస్కట్‌లో ఒక దవాఖానలో నేను ఏసీలు బాగుచేసేవాణ్ని, ఆమె పిల్లల వార్డులో పనిచేసేది. మూడేళ్ల పరిచయం తర్వాత ఇద్దరం ఇటు వచ్చేసి, యాదగిరిగుట్ట మీద పెళ్లి చేసుకున్నాం. ఆమె తరఫున ఎవరూ రాలేదు. వాళ్లమ్మకు టికెట్టు కొనే స్తోమత అప్పుడు మాకెవరికీ లేదు. నా తరఫున అందరూ వచ్చారు గానీ, మా అమ్మ వెనక వరసలోనే నిలబడింది. నాయిన పోయి అప్పటికి రెండేళ్లు. బొట్టు లేనిదాన్నని తలంబ్రాల దగ్గరికి తను రాలేదు, రమ్మని ఎవరూ అనలేదు. నేనూ పిలవలేదు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

పెళ్లయిన మొదటి నెల నుంచే "ఇంటికి" అనే కవరు ఒకటి పెట్టెలో ఉండేది. అది నిండబోయిన ప్రతిసారీ ఏదో ఒకటి వచ్చి మింగేసేది. ఒకసారి లాక్‌డౌన్‌, ఒకసారి బోరు, ఇంకోసారి ఆ స్లాబే. అయిదో ఏడు వాళ్ల తమ్ముడు ఫోను చేసి, ఎండాకాలం కాగానే పాత చెక్క ఇల్లు విప్పేసి సిమెంటు ఇల్లు కడుతున్నామని చెప్పాడు. ఆ రోజు ఆమె సరిగ్గా తినలేదు. మరుసటి ఆదివారం మధ్యాహ్నం చాప పరిచి, కవర్లన్నీ దాని మీద పేర్చి నన్ను పిలిచింది.

ఆమె లెక్క వేసే తీరు నాకు ఎంతో ఇష్టం. నేనైతే టికెట్టుతో మొదలుపెట్టి, డబ్బు ఎక్కడ అయిపోతే అక్కడ ఆగిపోతాను. ఆమె అటునుంచి వస్తుంది. తిరిగి చౌటుప్పల్‌లో దిగిన రోజు ఇంట్లో బియ్యం ఉండాలి, పాలవాడికి ఇవ్వాలి, ఆ కవరు ముందు. ఆ తర్వాత తిరుగు ప్రయాణం, ఊళ్లో ఉన్న రోజులు, అన్నిటికంటే చివర పోయే ప్రయాణం. "పోవుడు సులువు, ఎట్లన్న పోతం. వచ్చినంక ఫికర్ ఉండొద్దు" అంటుంది. ఈ మాట గల్ఫుకు పోయేముందు నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఆ రోజు మాత్రం టికెట్ల దగ్గరికి వచ్చేసరికి మూడు కవర్లు పెట్టింది.

"మూడెవరికి?" అన్నాను.

"అత్తమ్మ గూడ రావాలె."

ఆమె తెలుగు మా అమ్మ దగ్గరా, కూరగాయల అంగడిలోనూ నేర్చుకున్నది. యాసలో నాకంటే ఒక మెట్టు పైనే ఉంటుంది.

"అమ్మకు గుట్ట మెట్లెక్కనీకే అయితలేదు, సముద్రం దాటిస్తవా?" అన్నాను.

అప్పుడు చెప్పింది. వాళ్ల దగ్గర పిల్లవాడి తల్లిదండ్రులు వండిన తిండి పట్టుకుని పిల్ల ఇంటికి పోతారట. ఇంటి మెట్లెక్కి, పిల్ల తల్లిదండ్రుల ముందు కూర్చుని, మీ బిడ్డను మాకివ్వండని అడుగుతారట. వాళ్లమ్మనూ ఆ చెక్క ఇంట్లోనే అలా అడిగారు, వాళ్ల అమ్మమ్మనూ అంతే. "అయిదేండ్ల సంది మా అమ్మ ఒక్కటే మాటంటుంది. నా బిడ్డను అడగనీకి ఎవ్వరు రాలె అని. ఎండకాలం అయితే ఆ మెట్లు గూడ ఉండయ్."

నాకు నవ్వొచ్చింది. "అయిదేండ్ల సంది నా ఇంట్ల ఉన్న పిల్లను ఇప్పుడు పోయి అడుగుడేంది?"

గోడ పక్కన రాట్నం చప్పుడు ఆగిపోయింది. మాది నేతపని చేసే కుటుంబం. మోకాళ్లు పట్టేశాక అమ్మ మగ్గం దిగి, పక్కింటివాళ్లకు కూలికి నూలు కండెలు చుడుతోంది. వింటున్నట్టు కనబడదు గానీ అన్నీ వింటుంది.

"ఏందీ? మనం అడగనే లేదార?"

"నేను అడిగిన కదనే."

"ఎవర్నడిగినవ్?"

"ఈమెనే."

"ఈమెను అడుగుడు కాదు, తల్లిని అడగాలె. అడగకుంట తెచ్చుకుంటే దాన్నేమంటర్రా?"

ఏమంటారో నాకు తెలుసు. అమ్మ రాట్నం పక్కకు నెట్టి చాప మీదికి జరిగింది. "మీ పెద్దబాపును తోలుదాం. మగమనిషి, నలుగుట్ల మాట్లాడనేర్చినోడు. నేనెట్ల పోత? బొట్టు లేనిదాన్ని, శుభమా అని పిల్లనడగనీకి నేను ముందట నిలవడుదునా?"

నా భార్య కవర్లు సర్దుతూ, తల ఎత్తకుండానే అంది. "మా అమ్మకు గూడ మొగుడు లేడు అత్తమ్మా. మరి మా అమ్మ నన్ను ఇయ్యొద్దా?"

అమ్మ కవర్ల వైపు చూసి, "వట్టి చేతులతోని పోవద్దు మరి" అని మాత్రం అంది.

గొడవ నేనే మొదలుపెట్టాను. మూడు టికెట్లకు డబ్బు చాలదు. అయినా పక్కన ఇంకో కవరు, దానితోపాటు ముప్పై ఒక్క పేర్ల జాబితా. ఆమె ఊళ్లో ఒక్కొక్కరికి ఒక్కో కానుక. "ఇంట్ల ఈగల మోత, బయట పల్లకి మోత! ముప్పై మందికి పెట్టనీకి మనమేమన్న జమీందార్లమా?" అని అరిచాను. చెయ్యి విసిరితే నాలుగు కవర్లు గడప దాకా వెళ్లి పడ్డాయి. నా కోపం అలాంటిది. వచ్చేటప్పుడు వానలా వస్తుంది, పోయాక బురద నేనే తుడుచుకోవాలి.

అమ్మ గొంతు పెంచలేదు. "ఎందుకట్ల ఒర్రుతవ్? మస్కట్ నుంచి మొదటిసారి వచ్చినప్పుడు సబ్బులెన్ని తెచ్చినవ్ కొడకా?"

నా జవాబు కోసం ఆగలేదు.

"వాడకట్టు మొత్తం నెల రోజులు నీ సబ్బు వాసనే కొట్టింది. దుప్పట్లు తెచ్చినవి ఏరే. అప్పుకు తెచ్చినవని నాకు తర్వాత ఎరుకైంది. గప్పుడు నువ్వు జమీందారువా?"

నా భార్య కవర్లను ఏరుకొచ్చి, దుమ్ము దులిపి, మళ్లీ పేర్చింది. మూడు టికెట్ల కవర్ల వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా టికెట్టు కవరులోని డబ్బు తీసి, సగం అమ్మ కవరులోనూ సగం కానుకల కవరులోనూ పెట్టింది.

"నువ్వు రావొద్దు" అంది.

నేను నమ్మలేదు. అమ్మ మాత్రం వెంటనే తలూపింది. "అవును, పిల్లనడగనీకి పిల్లగాడు పోతడా? పెద్దోళ్లు పోతరు."

అప్పుడొక మాటన్నాను. "నా పైసలతోని నన్నే ఇడిచి పోతరా?" అన్నాను. అన్న క్షణంలోనే నాలుక కొరుక్కున్నాను. ఆమె ఖాళీ అయిన నా కవరు తిప్పి, వెనకవైపు రెండు వరసలు రాసి నా ముందు పెట్టింది. ఒక వరస నా జీతంలోంచి వచ్చినది, ఇంకో వరస కేకుల్లోంచి వచ్చినది. కేకుల వరసే పొడుగు. నేను డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు చాపుకున్న సాయంత్రాలన్నీ ఆమె పొయ్యి ముందు ఎలా గడిపిందో ఆ వరస చెప్పింది. నేను రెండు రోజులు అలిగాను. అది కోపం కాదని, సిగ్గని ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లకూ తెలుసు. తెలిసి కూడా తెలియనట్టు అన్నం పెట్టారు.

ఆ తర్వాత పని మొదలైంది. పాస్‌పోర్టు కోసం అమ్మను నల్లగొండ తీసుకెళ్లాను. వేలిముద్రలు ఎంతకీ పడలేదు. నలభై ఏళ్లు పోగులు లాగిన వేళ్లు, గీతలన్నీ అరిగిపోయాయి. అక్కడి అమ్మాయి ఓపిగ్గా తుడిచి, మళ్లీ అద్ది, మళ్లీ తుడిచి, ఆరోసారికి సాధించింది. బయటికి వచ్చాక అమ్మ తన వేళ్లు చూసుకుంటూ, "గీతలు పోతే పోయినయ్, మనిషినైతే ఉన్న కద" అంది.

కానుకల ఖర్చును మా వీధి మగ్గాలే తగ్గించాయి. నేసిన దస్తీలు, అదే చేతిరుమాళ్లు, తెలిసినవాళ్ల ధరకు దొరికాయి, తేలిక కాబట్టి బరువూ సమస్య కాలేదు. వియ్యపురాలికి అమ్మ చీరే పెట్టాలంది. వాళ్లు చీర కట్టరని నేనంటే, "కట్టకుంటే తలుపుకు కర్టెన్ కుట్టుకుంటది, నీకేమాయె" అంది. సకినాలు, తీపి గరిజెలు చేసి డబ్బాల్లో పెట్టింది. కిరాణా కొట్టు కాంటా మీద సూట్‌కేసు తూస్తే రెండు కిలోలు ఎక్కువ వచ్చింది. నా భార్య తన బట్టలు నాలుగు జతలు తీసి బయట పెట్టింది. సకినాల జోలికి పోలేదు. ఆ సూట్‌కేసు నా గల్ఫు సంపాదన అని ముందే చెప్పాను. చివరికి దానికీ ఒక గౌరవం దక్కింది.

విమానాశ్రయంలో అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. కోడలి చెయ్యి పట్టుకుని, జాతరకు పోయినట్టు పోయింది.

అడిగే రోజున నేను డ్యూటీకి సెలవు పెట్టాను. వాళ్లకు పదకొండయితే మనకు ఎనిమిదిన్నర. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోను ముందు కూర్చున్నాను. పెళ్లయి అయిదేళ్లయినవాణ్ని, పెళ్లిచూపుల్లో పిల్లవాడిలా చొక్కా గుండీలు మాటిమాటికీ సవరించుకున్నాను. బావమరిది ఫోను పట్టుకుని ముందు మెట్లు చూపించాడు. ఆరు మెట్లు. మా అమ్మ ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఆగి, మళ్లీ ఎక్కుతోంది. చేతిలో గరిజెల డబ్బా. కోడలు పట్టుకోబోతే వద్దంది. పై మెట్టు మీద మా అత్తగారు నిలబడి ఉంది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, పూల గౌను. ఆమె రెండు మెట్లు దిగి వచ్చి అమ్మ మోచెయ్యి పట్టుకుంది. ఆమెను అమ్మ వద్దనలేదు.

లోపల చాప మీద ఎదురెదురుగా కూర్చున్నారు. అమ్మ చీర, దస్తీలు, డబ్బా ముందుకు జరిపి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. దారంతా అనుకుంటూ పోయిన మాటలే అయి ఉంటాయి, తడుముకోకుండా చెప్పింది.

"అమ్మా, అయిదేండ్ల కిందనే వచ్చి అడగాల్సింది. అడగలే. తప్పయింది. నీ బిడ్డ మా ఇంటికి వచ్చినంక మా ఇల్లు నిలవడ్డది. ఇప్పుడు అడుగుతున్న. నీ బిడ్డను మాకియ్యి."

ఈ మాటల్ని వాళ్లమ్మకు చెప్పాల్సింది నా భార్యే. పిల్లనడిగే మాటను పిల్లే చేరవేయాలి. ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు. రెండోసారి కూడా రాలేదు. మూడోసారి తల దించుకుని, వాళ్ల భాషలో మెల్లగా చెప్పింది. అత్తగారు అంతా విని మా అమ్మను కాసేపు చూసింది. తర్వాత కూతురి వైపు తిరిగి ఏదో అడిగింది.

"ఏమంటాంది?" అంది అమ్మ.

"నన్ను అడుగుతాంది. నీకు ఇష్టమేనా, పోతవా అని."

నా భార్య తల తిప్పి ఫోను వైపు చూసింది. గడప దాకా పోయి పడ్డ నాలుగు కవర్లు నాకు గుర్తొచ్చాయి. నా పైసలన్న మాట గుర్తొచ్చింది. ఆ కాసేపు నేను నిజంగానే భయపడ్డాను.

ఆమె వాళ్లమ్మకు ఒకే ఒక్క మాట చెప్పింది. అత్తగారు నవ్వి, రెండు చేతులూ చాచి మా అమ్మ అరిగిపోయిన వేళ్లు పట్టుకుంది. అమ్మ గరిజె తుంచి ఆమె నోట్లో పెట్టింది, ఆమె మిగతా ముక్క అమ్మ నోట్లో పెట్టింది. నా పెళ్లిలో వెనక వరసలో నిలబడ్డ మనిషి ఆ గది మధ్యలో కూర్చుని తీపి తింటోంది. నాకు కన్నీళ్లు ఆగలేదు.

అమ్మ కొంగుతో మూతి తుడుచుకుని ఫోను దగ్గరికి జరిగింది.

"ఇచ్చిండ్రురా కొడకా" అంది. "ఇగ పిల్ల మీద ఒర్రకు."