నా కుర్చీ వెనక పెద్దనాయన

సోమవారం పొద్దున వికారాబాద్ నుంచి మా పెద్దనాయన కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, నాయిన పోయిండు" అన్నాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఏడుపు కంటే ముందు నాకు భయం వచ్చింది. వచ్చే శుక్రవారం హైదరాబాద్‌లో విదేశీ కొనుగోలుదారులకు విందు ఇవ్వాలి. ఆ ఆర్డరు రాకపోతే తాండూరులో మా రాళ్ల పాలిష్ యూనిట్ మూసుకోవాల్సిందే. గ్లాసెత్తి నాలుగు మాటలు చెప్పాల్సింది నేనే. ఇక నా కుర్చీ వెనక ఎవరు నిలబడతారు?

మా పెద్దనాయన హైదరాబాద్‌లో ఓ పెద్ద హోటల్లో ముప్పై ఏళ్లు వడ్డన చేశాడు. జన్మలో చుక్క ముట్టలేదు. ఏ తిండికి ఏ వైన్ నప్పుతుందో తాగేవాళ్ల మొహాలు చూసే నేర్చుకున్నాడట. రిటైరయ్యాక మా యూనిట్‌లో నాపరాయి బల్ల మీద నాకు పాఠాలు మొదలుపెట్టాడు. ఎర్ర వైన్‌కు బదులు డికాషన్, తెల్లదానికి నిమ్మనీళ్లు.

"గ్లాసు కాడ పట్టుకో బిడ్డా, పొట్ట పట్టుకుంటే సల్లదనం పోతది. చేపకు తెల్లది, మటన్‌కు ఎర్రది. మన కారం కూర మీద ఎర్రది తాపిస్తివా, పాపం, నోరు భగ్గుమంటది!"

ఇంకోటి కూడా చెప్పేవాడు. "పోయినోళ్ల పేరు మీద గ్లాసు లేపితే ఒకదానికొకటి తాకియ్యొద్దు. సప్పుడే వద్దు."

నా మొదటి విందు ఆ హోటల్లోనే జరిగింది. పాత దోస్తులను బతిమాలి, యూనిఫాం వేసుకుని నా వెనక నిలబడ్డాడు. అందరూ గ్లాసులెత్తేసరికి నేనూ గబుక్కున ఎత్తేశాను. పాఠాలన్నీ గంగలో కలిశాయి. కల్లు తాగేముందు మా తాత చేసినట్టే, రెండు చుక్కలు కింద సాక పోసేశాను. తెల్ల తివాచీ మీద ఎర్ర మరక! అయిపోయింది, కొంప మునిగింది అనుకున్నాను.

పెద్దనాయన తొణకలేదు. మా దగ్గర పోయిన పెద్దలకు ఇచ్చాకే తాగుతారని ఇంగ్లిష్‌లో మెల్లగా చెప్పాడు. ఎదురుగా ఉన్న పెద్దమనిషి గ్లాసు దించి కాసేపు తల వంచాడు. అప్పటి ఆర్డరు మాకే వచ్చింది.

తిరిగొస్తూ కారులో అడిగాను. "నీకు భయం కాలేదా పెద్దనాయనా?"

"ఎందుకు కాలే? ముప్పై ఏండ్లు రోజూ అయింది. గందుకే ఎడమ చెయ్యి నడుం ఎనకాల పెట్టుకుంటం. అది వణికినా ఎవ్వలకు కనబడదు."

నిన్న మూడో రోజు, ఆయన పేరు మీద పిట్టకు ముద్ద పెట్టారు. చుట్టాలు కల్లు తెచ్చారు. నేను బీరువాలోంచి ఆయన పాఠాల గ్లాసు తీసి, నిమ్మనీళ్లు పోసుకుని వాళ్ల మధ్యకు వెళ్లాను. కాడ పట్టుకుని లేచి నిలబడ్డాను. అందరూ నావైపే చూస్తున్నారు. ఎవరి గ్లాసుకూ తాకించకుండా ఎత్తి, రెండు చుక్కలు నేల మీద పోశాను. కుడి చేతిలో గ్లాసు కదల్లేదు. నడుం వెనక ఎడమ చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది.